ఎనిమిది ఆదివారాలు

9 అక్టోబర్ 1983, ఆదివారం

మా ఆయన ఇవాళ అంగట్లో నలుగురి ముందూ అన్నాడట: "ఇంట్లో గిన్నెలు తోమేదానికి పనిమనిషి, తట్టాంచావడిలో విమానం తోమేదానికి నా పెండ్లాం. ఎవురి తలరాత ఎట్లుండాదో చూడండి!" విమానం పనిలో నాతో ఉండే గోవిందస్వామి ఆ మాట మోసుకొచ్చి నా దగ్గర చెప్పి పడీ పడీ నవ్వాడు. తోమే నాకు లేని సిగ్గు ఆయనకెందుకో. కందకు లేని దురద కత్తిపీటకట.

ఈ నోటుపుస్తకం ఆయన మేజా మీదే పెడతాను. దాచాల్సిన పనే లేదు. మా ఇంట్లో నోరు తెరిస్తే తెలుగే గానీ, తెలుగు అక్షరం చదవగలిగింది నేనొక్కతెనే. నెల్లూరులో పుట్టినందుకు నాకు మిగిలిన ఆస్తి అది. ఆయన వాళ్ళు తాతల కాలం నుంచీ పుదుచ్చేరివాళ్ళు, రాతకోతలన్నీ తమిళమే.

విమానం పేరు తూఫానీ. ఫ్రెంచివాళ్ళు చేసిన యుద్ధ విమానం. మన ఎయిర్‌ఫోర్స్‌లో ఎగిరి ఎగిరి, ముసలిదై, ఎక్కడో మూల పడి, పోయిన ఏడు ముక్కలు ముక్కలుగా మూడు లారీల్లో మా ఊరికి వచ్చింది. బీరువాల కంపెనీ యజమాని, ఇక్కడి మాటలో ముదలాళి, తట్టాంచావడిలో ఒక ఖాళీ షెడ్డు ఇచ్చాడు. ఎయిర్‌ఫోర్స్‌లో సార్జెంటుగా చేసి రిటైరైన రాఘవన్ అన్న మా ఎనిమిది మందిని పోగేశాడు. జీతం లేదు, బత్తెం లేదు. దీన్ని నిలబెట్టి, ఆ షెడ్డునే మ్యూజియం చేయాలని.

పద్నాలుగు నెలల్లో ఒక్క ఆదివారం నేను మానలేదు. మెరుగు పని నాది. మా నాన్న నెల్లూరులో ఇత్తడి సామానుకు మెరుగు పెట్టించేవాడు, ఆ చెయ్యి నాకొచ్చింది. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు పాత్రల అంగడి వెనకింట్లో ఉన్నాను, నా చేతిలో ఫలానా పని ఉందని అడిగినవాడు ఒక్కడు లేడు. రాఘవన్ అన్న మొదటి రోజే అడిగాడు. ఆ షెడ్డులో నేను కేశవులు పెండ్లాన్ని కాను. బీరువాల కంపెనీలోనే పెయింటరైన చిన్నదురై "అక్కా" అంటాడు, రాఘవన్ అన్న "అమ్మా" అంటాడు, ఒళ్ళంతా నల్లగా చేసుకుని సాయంత్రం ఇంటికొస్తాను. వారంలో నాదంటూ ఉన్నది ఆ ఒక్క రోజే.

15 అక్టోబర్, శనివారం

ఆయుధ పూజ. షెడ్డులో నేనే చేశాను. బాగా జరిగింది. తలనొప్పి.

16 అక్టోబర్, ఆదివారం

విజయదశమి. తలనొప్పని చెప్పి షెడ్డుకు వెళ్ళలేదు.

17 అక్టోబర్, సోమవారం

రాయాలి. రాయకపోతే కడుపు పగిలేట్టుంది.

శనివారం పనిముట్లన్నీ కడిగి వరుసగా పెట్టాను. స్పానర్లు, సుత్తులు, చిన్నదురై పెయింట్ డబ్బాలు, బ్రష్షులు, అతని థిన్నర్ టిన్ను, చివరికి అతను చేతులు తుడుచుకునే గుడ్డ కూడా మడిచి పెట్టి, అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టాను. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు దశమి పూట తీసేదాకా ఎవరూ ముట్టరు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముట్టకండి అని అందరికీ గట్టిగా చెప్పింది నేనే. గుమ్మడికాయ కొట్టారు, బొరుగులు బెల్లం పంచాను, అందరూ భోజనాలకు వెళ్ళారు. తాళం నేను వేసుకుంటానన్నాను.

నాకొక వెలితి మిగిలింది. విమానానికి బయట హారతి ఇచ్చాం, లోపల ఇవ్వలేదు. పైలట్ కూచునే చోటు గర్భగుడి కాదా? నిచ్చెనెక్కాను. పైన గాజుమూత, రాఘవన్ అన్న కానపీ అంటాడు, సగం మూసి ఉంది. దాని కింద పళ్ళెం పెట్టి మూడు బిళ్ళల కర్పూరం వెలిగించి తిప్పాను, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. కళ్ళు తెరిస్తే గాజు లోపలివైపు అరచేయంత మసి.

కొంగుతో తుడిస్తే అరచేయంతది మూరెడు అయింది. జిడ్డు మసి. లాంతరు చిమ్నీలు ఎన్ని తుడవలేదు నా బతుకులో! దిగివచ్చి, పూజలో ఉన్న థిన్నర్ టిన్ను తీశాను. గంధం బొట్టు ఇంకా తడిగానే ఉంది. గుడ్డ తడిపి ఎక్కి తుడిచాను. ఒక్క తుడుపుకు మసి పోయింది. అబ్బ అనుకున్నాను. అనుకున్నంతసేపు పట్టలేదు, ఆ మూరెడు మేరా పాలు విరిగినట్టు తెల్లబారిపోయింది. వేలు పెడితే అంటుకుంది.

అది గాజు కాదట. పర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ అట. మేం గాజు గాజు అంటుంటే నిజంగా గాజే అనుకున్నాను.

ఏం చేశానంటే, మూత మీద గుడ్డ కప్పాను. టిన్ను, తుడుపుగుడ్డ ఎక్కడివక్కడ పెట్టాను. టిన్ను మీద బొట్టు చెరిగింది, కొత్తగా ఇంకో బొట్టు పెట్టాను. తాళం వేసి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. తిన్నాను!

నిన్న వాళ్ళు గుడ్డ తీసి చూశారు. ఆ తరవాత జరిగింది గోవిందస్వామి ఇవాళ అంగడికొచ్చి చెప్పాడు. రాఘవన్ అన్న లెక్క వేశాడట. "శనివారం పూజ. పూజ పొద్దు పనిముట్టు ఎవురూ ముట్టరు. అంటే ఇది శుక్రవారం జరిగిండాల. శుక్రవారం ఈడ ఉన్నింది ఎవురు? నంబరు రాసేదానికి చిన్నదురై ఒకడే వచ్చినాడు. టిన్ను ఎవురిది? వాడిది." చిన్నదురై తాను కాదని మొత్తుకున్నాడట. రాఘవన్ అన్న వినలేదట. "తప్పు చేస్తే రిపేరు ఉండాది. దాచిపెడితే లేదు. ఇంక రావద్దు పో" అన్నాడట.

అది ఆయన ఎప్పుడూ అనే మాటే. నేను చెప్పానంటే నాకూ అదే. పో అంటాడు. ఆదివారం ఉండదు. మళ్ళీ ఈ వెనకిల్లు, ఈ మేజా.

20 అక్టోబర్, గురువారం

చిన్నదురై చేశాడని నేను అనలేదు. అసలు నేను అక్కడ లేనే లేను. ఇది నిజమే కదా.

23 అక్టోబర్, ఆదివారం

షెడ్డుకు వెళ్ళాను. చిన్నదురై లేడు. విమానం పక్క మీద సగం రాసిన నంబరు అట్లాగే ఉంది.

మూతను విప్పి బల్ల మీద బొంత పరిచి వెల్లకిలా పెట్టారు. రాఘవన్ అన్న చేతిలో ఉత్తరం. డిసెంబర్ పద్నాలుగున ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరు తనిఖీకి వస్తాడు. "మనం బాగా పెట్టుకోనుండామని రాస్తే ఇది ఈడ్నే ఉంటాది. లేకుంటే వాపసు ఎత్తుకోని పోతారు. తునకలు చేసి అమ్మేస్తారు" అన్నాడు.

"కొత్త మూత దొరకదా అన్నా?"

"యాడ దొరికేదమ్మా? చేసినోళ్ళే మర్చిపొయ్యుంటారు. లోపల నల్ల పెయింట్ కొట్టేద్దాం. బయటికి ఏమీ కనపడదు."

నల్ల పెయింటా! దాంట్లోంచి ఒక మనిషి ఆకాశం చూశాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "వద్దన్నా. నా చేతికియ్యండి. నేను తేట చేస్తాను" అన్నాను.

"ఎట్ల చేస్తారు?"

"ఉప్పుకాగితంతో పైపొర గీకేస్తాను. గరుకుది, దాని తరవాత మెత్తంది, దాని తరవాత ఇంకా మెత్తంది. ఆఖరికి మెరుగు పెడతాను. ఇత్తడికి చేసేదే గదా."

"ఇది ఇత్తడి కాదమ్మా."

"మెరుగు మెరుగే అన్నా."

ఆయన నన్ను చాలాసేపు చూసి, "ఎవుడో చేసిన పాపానికి మీరు కష్టపడతా ఉండారు. మీ మనసు ఎవురికొస్తాది" అన్నాడు. అందరూ తలలూపారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

24 అక్టోబర్, సోమవారం

నిర్ణయం చేసుకున్నాను. మూత తేటపడితే తప్పు లేనట్టే. తప్పే లేకపోతే చిన్నదురై మీద నింద ఎక్కడుంటుంది? దానంతట అదే పోతుంది. అందరూ కలిసి అతన్ని పిలుస్తారు. కాబట్టి ముందు మూత.

30 అక్టోబర్, ఆదివారం

ఇకనుంచి రోజూ మధ్యాహ్నం ఆయనకు అన్నం పెట్టేసి వెళ్తాను. తాళం చెవుల్లో ఒకటి నా దగ్గరే ఉంది. బస్సులో ఇరవై నిమిషాలు.

కాగితాన్ని నీళ్ళలో ముంచి, చెక్కదిమ్మకు చుట్టి, నిలువుగా గీకాలి. గుండ్రంగా తిప్పకూడదు. అంగట్లో మెరుగు పెట్టేవాళ్ళు గుండ్రంగా తిప్పుతారు, వేల గీతలు పడతాయి, ఇత్తడికి చెల్లుతుంది, దీనికి చెల్లదు. నిలువు గీతలు పడ్డాక మెత్తటి కాగితంతో అడ్డంగా గీకాలి, నిలువు గీత ఒక్కటి మిగలకుండా పోయేదాకా. దాని తరవాత ఇంకా మెత్తటిదానితో మళ్ళీ నిలువు. మా నాన్న వెండి కంచాలకు ఇట్లా చేయించేవాడు. పనివాళ్ళు తిట్టుకునేవారు.

మూరెడు మచ్చ ఇప్పుడు రెండు మూరల మచ్చ అయింది. అంతా తెల్లగా, ఏమీ కనపడకుండా. చూసినవాళ్ళు నేనే పాడుచేశాననుకుంటారు. అనుకుంటే తప్పేముంది, నిజమే కదా.

4 నవంబర్, శుక్రవారం

దీపావళి. చిన్నదురై ఇంటికి పలహారాలు పంపుదామనుకున్నాను. పోయిన ఏడు పంపాను. పంపలేదు.

6 నవంబర్, ఆదివారం

ఇవాళ రాఘవన్ అన్నకు చెప్పేద్దామని వెళ్ళాను. వాన. రేకుల మీద వాన చప్పుడులో మాట వినపడదు.

13 నవంబర్, ఆదివారం

చెప్తాను. ముందు మూత తేటపడనీ.

17 నవంబర్, గురువారం

గోవిందస్వామి అంగడికొచ్చి చెంబు కొంటూ మాటల్లో చెప్పాడు. బీరువాల కంపెనీ ముదలాళికి సంగతి తెలిసిందట. షెడ్డు ఆయనదే కదా, తెలియకుండా ఉంటుందా? "ఎయిర్‌ఫోర్స్ సామానే పాడుచేసినోడు నా బీరువాలు పాడుచెయ్యడా" అని చిన్నదురై చేతిలోంచి స్ప్రే గన్ లాక్కుని వేరేవాడికి ఇచ్చాడట. పద్దెనిమిదేళ్ళుగా పెయింటరుగా ఉన్నవాడు ఇప్పుడు లారీలకు బీరువాలు ఎక్కిస్తున్నాడట.

"అట్లనా" అన్నాను. గోవిందస్వామి వెళ్ళాక లోపలికొచ్చి నీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను.

ఇంకో నాలుగు వారాలు. అంతే. నాలుగు వారాల్లో మూత అవుతుంది.

20 నవంబర్, ఆదివారం

పాడైంది. మొత్తం పాడైంది.

తెలుపంతా పోయింది, తేట వచ్చింది. సంతోషంగా మూతలోంచి పైకి చూశాను. పైన షెడ్డు దూలం తిన్నగా ఉండాల్సింది, వంకరపోయి కనిపించింది. మచ్చ ఉన్నచోటే లోతుగా గీకాను కదా, అక్కడ గుంట పడింది. గుంటలోంచి చూస్తే లోకమే వంకర. రాఘవన్ అన్న కూడా చూసి వెళ్ళి టీ తాగాడు.

నల్ల పెయింట్ వేసుకోమని చెప్పి ఇంటికి పోదామనిపించింది. పోలేదు. గుంటను పూడ్చలేం. చుట్టూ ఉన్నదంతా దాని మట్టానికి తేవాలి. అంటే లోపలివైపు మూత మొత్తం గీకాలి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఇరవై నాలుగు రోజులుంది. గరుకు కాగితం మళ్ళీ తీశాను.

24 నవంబర్, గురువారం

వేళ్ళ చివర్లు అరిగి రక్తం. గుడ్డపీలికలు చుట్టుకుని చేశాను. మా ఆయన చూసి, "ఏంది పరమేసూ ఇది, ఎవురికి మొక్కుకున్నావు?" అన్నాడు. పీలికలు విప్పి కొత్తవి చుట్టుకున్నాను.

29 నవంబర్, మంగళవారం

నిలువు.

1 డిసెంబర్, గురువారం

అడ్డం.

4 డిసెంబర్, ఆదివారం

కంసాలి దగ్గర బంగారానికి వాడే ఎర్ర మెరుగుపొడి తెచ్చాను. మా ఆయన పాత మల్లుపంచె చింపి, పొడి అద్ది, ఒత్తకుండా, చెయ్యి బరువు మాత్రమే వేసి తుడవడం. ఒత్తితే వేడెక్కుతుంది, వేడెక్కితే మళ్ళీ తెల్లబారుతుంది. కోపంగా ఉన్నరోజు ఈ పని చేయకూడదు. నాకు రోజూ కోపమే, అయినా చేస్తున్నాను.

11 డిసెంబర్, ఆదివారం

దూలం తిన్నగా ఉంది.

నాలుగు మూలల నుంచీ చూశాను. పడుకుని చూశాను. రాఘవన్ అన్నను పిలిచాను. ఆయన మూత కింద తల పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. బయటికొచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, సర్వీసులో ఇరవై రెండేండ్లు చేసినా. ఇట్లాంటి కానపీ చూడలే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గోవిందస్వామి ఈల వేశాడు.

నేను కాచుకుని ఉన్నాను, ఎవరైనా ఇప్పుడు చిన్నదురై పేరు ఎత్తుతారని. మూత బాగయింది కదా, ఇంక అతన్ని పిలుద్దాం అంటారని. ఎవరూ ఎత్తలేదు. నంబరు ఎవరు పూర్తిచేయాలని మాట్లాడుకున్నారు, కొత్త పెయింటర్ని చూశామన్నారు.

14 డిసెంబర్, బుధవారం

ఆఫీసరు వచ్చాడు. చిన్నవాడే, నలభై ఉండవు. లోపల కూచుని మూత మూయమన్నాడు. అయిదు నిమిషాలు అట్లాగే కూచున్నాడు. దిగివచ్చి సంతకం పెట్టాడు. తూఫానీ ఇక్కడే ఉంటుంది. జనవరి ఇరవై రెండున మ్యూజియం తెరవడం.

పనిచేసినవాళ్ళ పేర్లతో బోర్డు పెడతారట. "ఫస్ట్ పేరు మీదే అమ్మా. కన్యకాపరమేశ్వరి అని నిండుగా రాయిస్తా" అన్నాడు రాఘవన్ అన్న. బోర్డు రాసేది కొత్త పెయింటరు.

మూత తేటపడితే అంతా దానంతట అదే పోతుందని రాశాను కదూ ఇక్కడే. వెనక్కి తిప్పి చదివాను. సిగ్గులేని ఆడదాన్ని. మచ్చ పోయింది, నేను చేసిన పనికి సాక్ష్యం పోయింది, అతని మీద నింద మాత్రం గట్టిపడింది. అతని కోసం చేశానని ఎట్లా రాసుకున్నాను? నా ఆదివారం కోసం చేశాను. అంతే.

15 డిసెంబర్, గురువారం

బస్సెక్కి అరియాంకుప్పంలో చిన్నదురై ఇంటికి వెళ్ళాను. చేతిలో మైసూర్‌పాక్ డబ్బా. చిన్నదురై ఇంకా పని నుంచి రాలేదు. అతని భార్య కనగం "వాంగమ్మా" అని లోపలికి పిలిచి చాప వేసి నీళ్ళిచ్చింది. ఆమెకు నా మీద ఏ కోపమూ లేదు, అదే భరించలేకపోయాను. అతను వచ్చాడు. భుజం మీద బీరువా అంచు ఒత్తుకున్న కమిలిన గుర్తు.

అతను కూచునేదాకా ఆగలేదు. హారతి, మసి, టిన్ను, బొట్టు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాకేమీ పోలేదు.

అతను గోడకు చేరగిలబడ్డాడు. తరవాత మెల్లగా అన్నాడు: "అక్కా, ఆ మూత అంచున ఇంతే ఇంత పలక ఉండాది. ఫ్రెంచిలో. సబ్బునీళ్ళు దప్ప ఏదీ తగల్నీయొద్దని. విమానం వచ్చిన వారమే అది చదివి రాఘవన్ సారుకు చెప్పినోణ్ణి నేను. చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలు దానికే పనికొచ్చినాయి. ఆ పొద్దు అదే అడిగినా. చదివినోణ్ణి నేనెందుకు చేస్తా సార్ అని. ఏమన్నాడో తెల్సా? 'చదివి కూడా చేసినావే, అదే నీ తప్పు' అన్నాడు."

"నన్ను తిట్టు చిన్నదురై" అన్నాను.

"తిడితే నీకు బాగుంటాది. నాకేమి?" గొంతు పెరిగింది. కనగం తలుపు దగ్గరికి వచ్చింది. "నా కాడ చెప్పేసి కడుపు చల్లబరుచుకోని పోదామని వచ్చినావు. నన్ను తరిమింది ఈ ఇల్లు కాదు, ఆ షెడ్డు. పో, ఆడ చెప్పు. ఎనిమిది ఆదివారాలు అక్కా. పిలకాయలు 'నాయనా, యాల పోలేదు విమానం కాడికి' అని అడిగినారు. ఏం చెప్పేది నేను?"

లేచాను. "ఆ డబ్బా కూడా తీసుకోని పో" అన్నాడు. తీసుకున్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఎవరు చూసినా లెక్కచేయలేదు.

16 డిసెంబర్, శుక్రవారం

మా ఆయనకు చెప్పాను. ఆయన తలపట్టుకుని, "మూత బాగయింది. ఆఫీసరు సంతకం పెట్టినాడు. పొయ్యిందేదో పొయ్యింది. ఎందుకిప్పుడు కెలికేది? అంగడి పేరు ఏం కావాల?" అన్నాడు.

ఈ మాటలే రెండు నెలలుగా ఈ పుస్తకంలో నేను రాసుకుంటున్నాను. ఆయన నోట వినేసరికి ఒళ్ళు మండింది.

18 డిసెంబర్, ఆదివారం

పొద్దున్నే మనిషిని పంపి చిన్నదురైని షెడ్డుకు రప్పించాను. వచ్చాడు, లోపలికి రాలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతన్ని చూసి రాఘవన్ అన్న ముఖం ముడుచుకున్నాడు.

"అన్నా, అతన్ని ఏమీ అనొద్దు. మూత పాడుచేసింది నేను" అన్నాను. అందరి ముందూ మొదటి నుంచి చెప్పాను. పూజలో పెట్టిన టిన్ను ముట్టుకున్నానని చెప్పినప్పుడు గోవిందస్వామి నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. మూత పాడుచేసినందుకన్నా దానికే ఎక్కువ అదిరిపోయారు.

రాఘవన్ అన్న నవ్వు తెచ్చుకున్నాడు. "పోనీలే అమ్మా. భక్తితో చేసినారు. దాన్ని మీరే బాగు చేసేసినారు గదా. వదిలెయ్యండి. చిన్నదురై, నువ్వు కూడా రా నాయనా, పని చూసుకో."

అప్పుడు వచ్చింది నాకు కోపం. "పోనీలేనా? అతను కాదు కాదంటే పో అన్నారు. నేను అవును అవునంటే వదిలెయ్యమంటారు. ఏం, అతను బీరువాలకు పెయింట్ కొట్టేవాడు, నేను పాత్రల అంగడి కేశవులు పెండ్లాన్ననా? దాచిపెడితే రిపేరు లేదన్నది మీరు కాదా? అది ఒకరికొక రకంగా ఉంటుందా?"

ఆయన చేతిలో స్పానర్ కింద పెట్టాడు. నా మీద కాదు, తన మీద తనకే కోపం వచ్చినట్టుంది. చిన్నదురై దగ్గరకు నడిచి వెళ్ళి, "తప్పు నాది తంబీ" అన్నాడు. ఆ పెద్దాయన నోట ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. చిన్నదురై గడప దాటలేదు.

"అతను ఎనిమిది ఆదివారాలు ఇంట్లో కూచున్నాడు. నేనూ ఎనిమిది కూచుంటాను" అన్నాను. తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాను.

"అమ్మా, జనవరి ఇరవై రెండు దాంట్లోనే వస్తాది. తెరిచే పొద్దు మీరు లేకుంటే ఎట్ల?"

"రానీ."

అక్కడి నుంచి నేరుగా రాఘవన్ అన్నను వెంటబెట్టుకుని బీరువాల ముదలాళి ఇంటికి పోయాను. ఆయనకూ మొదటి నుంచి చెప్పాను. నాలుగోసారికి నోరు తడబడలేదు.

25 డిసెంబర్, ఆదివారం

ఇంట్లో. ఒకటి.

1 జనవరి 1984, ఆదివారం

రెండు. స్ప్రే గన్ చిన్నదురై చేతికి మళ్ళీ ఇచ్చారని, ఆదివారం షెడ్డుకు కూడా వస్తున్నాడని గోవిందస్వామి చెప్పాడు. ఇచ్చేటప్పుడు ముదలాళి ఒక్క మంచి మాట కూడా అనలేదట. అనడు, వాడి బుద్ధే అంత.

8 జనవరి, ఆదివారం

మూడు. ఇల్లంతా తోమాను. తోమడానికి ఇంకేమీ లేదు.

15 జనవరి, ఆదివారం

నాలుగు. ఇది కష్టంగా ఉంది. చాలా కష్టంగా ఉంది. అతను నింద కూడా మోస్తూ కూచున్నాడు. నాకు కూచోవడం ఒక్కటే.

22 జనవరి, ఆదివారం

అయిదు. తెరిచే రోజు.

పొద్దున మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, "ఊరంతా పోతా ఉండాది. నేను పొయ్యి వస్తా. నువ్వు రావా? ఒక్క గంట. ఎవురు అడగబోతారు?" అన్నాడు. రానన్నాను. "మొండిది" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. వడియాల పిండి కలిపాను, ఆరబెట్టాను, గడియారం చూశాను. బ్యాండు ఉంటుందన్నారు, ఇంత దూరం వినపడదు.

మధ్యాహ్నం దాటాక తిరిగివచ్చాడు. కుడిచేతి వేళ్ళు రుద్దుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది?"

"ఏముండాది, వేళ్ళు పగిలినాయి. నిచ్చెనెక్కి చూడొచ్చన్నారు. ఎక్కినా. చూస్తే మూత లేదు. ఎవురెవురో వచ్చి పోయే తావులో ఇట్ల తెరిచి పెడితే దుమ్ము పడదా అనుకున్నా. సీటు పట్టీలు తోలా, గుడ్డా చూద్దామని చెయ్యి పెట్టినా. ఠక్కుమని తగిలింది. అద్దం ఉండాది పరమేసూ! ముక్కు ముందర ఉండాది, నాకు కనపడలే!"

ఇరవై ఏడేళ్ళుగా మెరుగు సామాను అమ్మే మనిషి. ఏ పాత్రలో ఏ గీత ఉందో నడివీధి నుంచి చెప్పగల మనిషి.

"కింద నిలబడి ఆ చిన్నదురై ఒకటే నవ్వు. 'మీతో పదిహేడు మంది కేశవులన్నా. ఈ పొద్దంతా లెక్కపెడతా ఉండాను' అన్నాడు. ఇంకా ఏమో అన్నాడే... ఆఁ. 'ఎంత మంది కొట్టుకున్నారో అక్కకు చెప్పండి' అన్నాడు."

నవ్వాను. నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు. ఆయన కంగారుపడి, "అయ్యో, పెద్ద దెబ్బేం కాదులే" అని వేళ్ళు చూపించాడు. ఆ వేళ్ళు పట్టుకుని కొబ్బరినూనె రాశాను.

ఇంకా మూడు ఆదివారాలున్నాయి. మూడూ కూచుంటాను. ఫిబ్రవరి పంతొమ్మిదిన పొద్దున్నే మొదటి బస్సుకు తట్టాంచావడి వెళ్తాను.